రిజిస్టరుకెక్కని ఫైలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. వాటిని పాత సామాన్లవాడికి వేయకుండా పిల్లలు లినక్స్ వేసి ఇస్తున్నారు. సంతోషమే. అయితే ఆ లినక్స్‌లో మనకు ఎదురయ్యే "ఆప్‌ఇమేజ్" ఫైళ్ల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆప్‌ఇమేజ్ టిఫిన్ క్యారియర్ వంటిది. ప్రోగ్రాము, దానికి కావలసిన భాగాలు చాలావరకు ఒక్క ఫైలులోనే ఉంటాయి. సైమన్ పీటర్ అనే ఆయన 2004లో "క్లిక్" పేరుతో మొదలుపెట్టిన పని 2013 నుంచి ఈ పేరుతో సాగుతోంది. లిబ్రెఆఫీసు వారు కూడా తమ ప్రోగ్రామును ఈ రూపంలో ఇస్తున్నారు. వద్దనుకుంటే ఆ ఫైలు తీసేస్తే సరిపోతుంది.

చిక్కల్లా ఒకటే. దించుకున్న ఫైలు డౌన్‌లోడ్స్‌లోనే పడి ఉంటుంది. మెనూలో పేరు కనబడదు. మన ఆఫీసు భాషలో, అది ఇన్‌వార్డు రిజిస్టరుకెక్కని కాగితం! నెల తిరిగేసరికి ఎక్కడుందో తెలియక మళ్ళీ ఇంకొకటి దించుకుంటాం.

ఆ రిజిస్టరు గుమాస్తా పని చేసేవే ఆప్‌ఇమేజ్ లాంచర్, గేర్ లివర్ అనే ఉపకరణాలు. లాంచర్ ఉంటే, ఫైలు మొదటిసారి తెరవగానే "ఒక్కసారి నడపమంటారా, మెనూలో చేర్చమంటారా?" అని అడుగుతుంది. చేర్చమంటే ఫైలును ఒక నిర్ణీత ఫోల్డరులోకి మార్చి, నడపడానికి అనుమతి ఇచ్చి, మెనూలో బొమ్మ పెడుతుంది. వద్దనుకున్నప్పుడు మెనూ నుంచే తీసేయవచ్చు. ఫ్లాట్‌హబ్‌లో దొరికే గేర్ లివర్ కూడా ఇదే పని చేస్తుంది. తయారీదారు ఏర్పాటు చేసి ఉంటే కొత్త కూర్పులూ తెస్తుంది. రెండూ పెట్టుకోవద్దు, ఒకటి చాలు. ఉబుంటు 22.04, ఆ తరువాతి వాటిలో కొన్ని ఫైళ్ళు అసలు తెరుచుకోకపోతే "ఫ్యూజ్ 2" లేకపోవడం కారణం కావచ్చు. దానిని పిల్లలచేత వేయించుకోండి.

ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతాను. గుమాస్తా కాగితాన్ని నమోదు చేస్తాడే గాని, అందులో రాసింది నిజమో కాదో చెప్పడు. ఈ ఉపకరణాలూ అంతే. మెనూలో చేరినంత మాత్రాన ఫైలు మంచిదని అర్థం కాదు. మామూలుగా ఆప్‌ఇమేజ్‌కు అడ్డుగోడ ఏమీ ఉండదు. మనం తెరవగలిగిన ప్రతి కాగితాన్నీ అదీ తెరవగలదు. పెన్షను ఆర్డరు నకలు, ఆధారు, బ్యాంకు పాస్‌బుక్కు బొమ్మలు అన్నీ అందులోకే వస్తాయి. కనుక తయారుచేసినవారి సొంత వెబ్‌సైటు నుంచే తీసుకోండి. ఫోనులో ఎవరో చెప్పారని ఏ ఫైలూ తెరవకండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.