మంటగా ఉందని చుక్కల మందు మానవద్దు

నీటికాసులు, అంటే గ్లాకోమా జబ్బుకు చుక్కల మందు వాడుతున్న అమ్మనో, నాన్ననో, అత్తగారినో వెంటబెట్టుకొని మీరు ఈ ఆసుపత్రికి వచ్చారు. ఈ నాలుగు మాటలు మీ కోసమే.

"ఈ చుక్కలు వేసుకున్నప్పటినుండి కళ్ళల్లో ఇసుక పడ్డట్టుంది. ముందే బాగుండేది. ఇక మానేస్తాను" అని మీ ఇంట్లో పెద్దవారు అంటున్నారా? వంక చెబుతున్నారనుకోకండి. ఆ బాధ నిజమైనదే.

మన కంటిమీద పలుచని కన్నీటి పొర ఉంటుంది. కన్ను తడిగా ఉండేది దానివల్లనే. వయసు పైబడేకొద్దీ ఆ తడి తగ్గుతుంది. దానికి తోడు, సీసాలో క్రిములు చేరకుండా చాలా చుక్కల మందుల్లో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే రసాయనం కలుపుతారు. రోజూ రెండు మూడు మందులు ఏళ్ళ తరబడి వేసుకొనేవారిలో అది కన్నీటి పొరను దెబ్బతీయవచ్చు. అప్పుడు మంట, ఎరుపు, గరగర, మసక కలుగుతాయి. కొందరికి నీరు కూడా కారుతుంది. పొడిబారిన కన్ను ఆ మంటకు తట్టుకోలేక నీరు కారుస్తుందన్నమాట.

మందు మానితే మంట తగ్గవచ్చు. కాని కంటిలో ఒత్తిడి మళ్ళీ పెరుగుతుంది. చాలామందికి నొప్పి ఏమీ తెలియదు. చూపు పక్కలనుండి మెల్లగా పోతూ ఉంటుంది. అలా పోయిన చూపును ఏ మందూ, ఏ ఆపరేషనూ తిరిగి తేలేవు. మంటకైతే మార్గముంది. కనుక మీరు ఇలా చేయండి.

1. మంట సంగతి డాక్టరుగారికి మీరే చెప్పండి. వాడుతున్న సీసాలన్నీ తెచ్చి చూపండి. ప్రిజర్వేటివ్ లేని చుక్కలు, రెండు మందులు కలిసిన ఒకే సీసా, లేజరు వంటి మార్గాలున్నాయి. ఏది తగునో వారు చెబుతారు.

2. కంటికి ఒక్క చుక్క చాలు. వేశాక కన్ను మూయించి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు మెల్లగా నొక్కి పట్టండి. చెంపమీదికి కారిన మందును తుడవండి.

3. కన్ను తడిగా ఉండేందుకు వేరే చుక్కలు రాసిస్తే, ఒక మందుకూ మరో మందుకూ మధ్య కనీసం 5 నిమిషాలు ఆగండి.

4. ఎరుపు తగ్గాలని మందుల షాపులో అడిగి చుక్కలు కొనవద్దు. కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది కంటి ఒత్తిడిని పెంచగలదు.

5. ఫ్యాను గాలి ముఖానికి నేరుగా తగలనీయకండి. పొయ్యి పొగకు దూరంగా ఉంచండి.

తీవ్రమైన నొప్పి, వాంతులు, ఉన్నట్టుండి చూపు తగ్గడం కనిపిస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

"మందు వేసుకున్నావా అమ్మా?" అని రోజూ అడుగుతూనే ఉంటారు. "మంటగా ఉందా?" అని కూడా అడగండి. ఆవిడ చెప్పింది మాకు చెప్పండి. మందు మాత్రం ఆపకండి.