మంజూరు చూసి కొనండి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యాలయంలోని పాత కంప్యూటరు విండోస్ 10తో నడిచేది. 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. కొత్తది సమకూర్చే బాధ్యతను కార్యవర్గం నాకు అప్పగించింది. విడిభాగాలు కొని కూర్పించి, అందులో లినక్స్ వేద్దామన్నాను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌లో డెబియన్ అనే రకానికి లైసెన్సు రుసుము లేదు.

ఇక్కడ నా పొరపాటు ఒప్పుకోవాలి. చౌకగా దొరికిందని ముందుగా ఒక వైఫై పరికరం కొన్నాను. దుకాణంలో కుర్రవాడు "దేనికైనా పనిచేస్తుందండీ" అన్నాడు. తీరా డెబియన్ వేశాక అది పలకలేదు. అట్టపెట్టె మీద విండోస్ పేరొక్కటే ఉంది, నేను చదవలేదు. మంజూరు ఉత్తర్వు చూడనిదే ఏనాడూ బిల్లు ముందుకు పంపని గుమాస్తాను, మీ చందా డబ్బుతో ఆ పని చేశాను. ఆ సొమ్ము నా పెన్షన్‌లోంచి కోశాధికారిగారికి కట్టేశాను.

ఆ తరువాత తెలుసుకున్నది మనవి చేస్తాను. ప్రతి భాగాన్నీ నడిపించే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. లినక్స్‌లో చాలా డ్రైవర్లు దాని మూల ప్రోగ్రాము అయిన కెర్నెల్‌లోనే వస్తాయి. కెర్నెల్ ఎరిగిన భాగమే మనకు మంజూరైన భాగం.

గ్రాఫిక్స్ కలిసివున్న ఇంటెల్ లేదా ఎ.ఎం.డి. ప్రాసెసరు తీసుకుంటే వేరే కార్డు అక్కరలేదు. ఎన్విడియా కార్డుకైతే సాధారణంగా ఆ సంస్థ డ్రైవర్‌ను విడిగా వేసుకోవాలి. నిన్న మొన్న వచ్చిన చిప్ కన్నా ఏడాది రెండేళ్ల నాటిది మేలు. డెబియన్ స్థిర విడుదలలోని కెర్నెల్ కొంత పాతదై ఉంటుంది. మన లెక్కలకు, ఉత్తరాలకు 8 జి.బి. మెమరీ చాలు, 16 ఉంటే నిశ్చింత. హార్డ్ డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. వేయిస్తే యంత్రం చురుగ్గా లేస్తుంది. వైఫై ఇబ్బంది పెడితే తీగతో ఇంటర్నెట్ కలపండి. ఎయిర్‌ప్రింట్ గుర్తున్న ప్రింటర్లు చాలావరకు వేరే డ్రైవర్ లేకుండానే నడుస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం: లైవ్ లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ వెంట తీసుకువెళ్లండి. డబ్బు కట్టేముందు దుకాణంలోనే దానితో యంత్రాన్ని నడిపి తెర, శబ్దం, నెట్ చూసుకోండి. డిస్కులో ఏమీ మారదు.

మన సభ్యుల పట్టిక, కుటుంబ పెన్షన్ దస్త్రాలు ఇప్పుడు ఆ యంత్రంలోనే ఉన్నాయి. ఒక సభ్యుడు కన్నుమూసిన రోజున ఆయన భార్యకు కావలసిన కాగితం వెంటనే దొరకాలి. అందుకే వారానికోసారి వాటి నకలు వేరే డిస్కులోకి తీస్తున్నాం.

ఆ పలకని వైఫై పరికరం ఆఫీసు బల్లమీదే ఉంచాను. ఏదైనా కొనబోయేవారు ఒకసారి దాన్ని చూసి వెళ్లండి. సెలవు.