వాచీతో ఫాస్టాగ్ స్కాన్ చేసి డబ్బులు లాగేయొచ్చా?

ఈ రోజు ఎపిసోడ్‌కి కారణం మా బాబాయి.

మాది అమలాపురం పక్కన పల్లెటూరు. బాబాయి రావులపాలెం మార్కెట్ నుంచి విజయవాడ వైపు అరటిగెలల వ్యాన్ తోలతాడు. ఒక రోజు ఆయన ఫోన్‌కి వీడియో వచ్చింది. కారు అద్దం తుడిచే కుర్రాడు తన వాచీని ఫాస్టాగ్ మీద పెట్టి డబ్బులు లాగేస్తున్నట్టు ఉంది అందులో. 2022 జూన్‌లో దేశమంతా తిరిగిన వీడియోనే అది, మీరూ చూసే ఉంటారు. బాబాయి హడలిపోయి స్టిక్కర్ పీకేశాడు. పీకితే పాడైపోయేలాగే దాన్ని తయారు చేస్తారు. మర్నాడు ఈతకోట టోల్‌ప్లాజాలో క్యాష్ ఇచ్చి రెట్టింపు కట్టాడు.

ఇంటికొచ్చి, "ఒరేయ్ అబ్బాయ్, అసలా కాగితంలో ఏముందిరా?" అన్నాడు.

ఏముందో చూద్దాం. దాన్ని ఆర్ఎఫ్ఐడీ అంటారు, అంటే రేడియో ఫ్రీక్వెన్సీ ఐడెంటిఫికేషన్. స్టిక్కర్ లోపల ఒక చిన్న చిప్పు, పల్చటి యాంటెన్నా ఉంటాయి. బ్యాటరీ ఉండదు. టోల్ గేటు దగ్గరి రీడర్ రేడియో తరంగాలు పంపుతుంది. ఫాస్టాగ్‌కి మన దేశంలో వాడేది 865–867 మెగాహెర్ట్జ్. ఆ తరంగాల నుంచే చిప్పు శక్తి తీసుకుని, తన నంబర్ తిరిగి చెబుతుంది. డబ్బులు స్టిక్కర్‌లో ఉండవు, దానికి కలిపిన ఖాతాలో ఉంటాయి.

మరి వాచీ సంగతి? ఆ వీడియో అబద్ధమని ఎన్‌పీసీఐ అప్పుడే చెప్పింది. ఫాస్టాగ్ నుంచి మనిషికి డబ్బు వెళ్లదు. టోల్, పార్కింగ్ లాంటి చోట్ల ముందే నమోదైన సంస్థలకే వెళ్తుంది. నంబర్ తెలిసినంత మాత్రాన డబ్బు రాదన్నమాట.

ఇదే టెక్నాలజీ బట్టల షాపులో దొంగతనాలు ఆపే కొన్ని ట్యాగుల్లో, లైబ్రరీ పుస్తకాల్లో, గోడౌన్ పెట్టెల్లో, మారథాన్‌లో టైమ్ లెక్కించే చిప్పుల్లో ఉంటుంది. మీ ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ ఉంటే అదీ ఈ కుటుంబమే. కాకపోతే అది 13.56 మెగాహెర్ట్జ్, నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరకి తెస్తేనే పనిచేస్తుంది. క్యూఆర్ కోడ్ కెమెరాకి కనపడాలి, ఆర్ఎఫ్ఐడీ కనపడక్కర్లేదు. పెట్టె మూసి ఉన్నా లోపల ఏముందో చదివేస్తుంది. పరిశ్రమలకి అదే లాభం.

మన గేదెల చెవికి వేసే పసుపు ట్యాగ్ కూడా ఇదేనా అంటే, మామూలుగా కాదు. దాని మీద 12 అంకెల నంబర్, బార్‌కోడ్ అచ్చేసి ఉంటాయి. దగ్గరికెళ్లి చూడాల్సిందే.

అసలు ప్రమాదం ఎక్కడుందంటే, "మీ ఫాస్టాగ్ ఆగిపోతుంది, కేవైసీ చేయండి" అంటూ వచ్చే లింకుల్లో. అది నొక్కి ఓటీపీ చెప్పామా, ఖాతా ఖాళీ! టోల్ సమస్యలకి 1033, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. మీ ఇంట్లో బండి తోలేవాళ్లకి ఈ రెండు నంబర్లూ ఇప్పుడే సేవ్ చేసి పెట్టండి.

బాబాయి కొత్త ట్యాగ్ అతికించుకున్నాడు. ఇప్పుడు ఏ వీడియో వచ్చినా ముందు నాకు పంపి, "నిజమేనంటావా?" అని అడుగుతున్నాడు. మీరూ ఫార్వర్డ్ చేసేముందు ఆ ఒక్క మాట అడగండి. మళ్లీ కలుద్దాం. ఉంటానండి!