విమానమెక్కిన బంగారం

మా మాస్టారు ఒకరోజు అర్థశాస్త్రం క్లాసుకి గీటురాయి పట్టుకొచ్చారు. వేలి ఉంగరం తీసి దాని మీద గీసి, ఆ పచ్చటి గీత చూపించి, "దీనికి విలువుందని ఏ ప్రభుత్వం చెప్పిందిరా?" అని అడిగారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో ఆ ప్రశ్నకే జవాబు వెతుకుతాను.

మన కోస్తా ఇళ్లలో కాసు అంటే 8 గ్రాములు. అటూ ఇటుగా అది బ్రిటిష్ సావరిన్ నాణెం బరువు. ఆ నాణెం చెలామణిలో ఉన్న కాలంలో నోటంటే బంగారానికి రసీదే. 1944లో బ్రెటన్‌వుడ్స్ ఒప్పందం ఔన్సుకి 35 డాలర్లు ఖాయం చేసింది. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్, డాలర్లకి బంగారమిచ్చే ఆ కిటికీ మూసేశాడు. ఇక బంగారం ఉత్త లోహమైపోవాలి కదా? కానీ 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు పలికింది.

ఎందుకంటారా? బంగారం తుప్పు పట్టదు. ఏటా గనుల్లోంచి వచ్చేది, ఇప్పటికే తవ్వితీసిన నిల్వలో వందకి రెండు పాళ్లు కూడా ఉండదు. వడ్డీ రాదన్నది నిజమే. కానీ నోటు ఒకరి మాట, బాండు ఒకరి అప్పు. బంగారం ఎవరి బాకీ కాదు. అసలు కీలకం ఇక్కడే ఉందని నా నమ్మకం.

1991 గుర్తు తెచ్చుకోండి. మన దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడా విదేశీ మారకం మాత్రమే మిగిలింది. మే నెలలో, దొంగరవాణాలో పట్టుబడ్డ 20 టన్నుల బంగారాన్ని తిరిగి కొనుక్కునే షరతు మీద ఒక స్విస్ బ్యాంకుకి అమ్మారు. జులైలో రిజర్వు బ్యాంకు తన ఖజానాలోంచే దాదాపు 47 టన్నులు తీసి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ల దగ్గర తాకట్టు పెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చింది. విమానాశ్రయానికి బంగారం తీసుకెళ్తున్న వ్యాను టైరు దారిలో పేలిందని, అధికారులు హడలిపోయారని రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు, మన వై.వి. రెడ్డి గారు జ్ఞాపకాల్లో రాశారు. ఇంటావిడ పుస్తెలు కుదువ పెట్టినట్టుగా దేశం కుమిలిపోయింది. నేనూ బాధపడ్డాను. ఇవాళ మాత్రం దాన్ని పరువు తక్కువ అనుకోను. పుస్తెలు తాకట్టు పెట్టి పిల్లాడికి ఆపరేషన్ చేయించిన తల్లిని ఎవరైనా తప్పుపడతారా? అప్పిచ్చేవాళ్లు మన మాట నమ్మని రోజున మన లోహాన్ని నమ్మారు.

2009లో అదే రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నులు కొంది. 2022లో రష్యా డాలర్, యూరో నిల్వల్ని పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. సొంత ఖజానాలో ఉన్న బంగారాన్ని అలా ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ ఏడాది కేంద్ర బ్యాంకులన్నీ కలిసి వెయ్యి టన్నులకి పైగా కొన్నాయి. 2023-24లో మన బంగారం 100 టన్నులు ఇంగ్లండు నుంచి ఇంటికొచ్చింది.

మాస్టారి గీటురాయిని వాళ్లమ్మాయి తెచ్చి ఈ బల్ల మీద పెట్టారు. సభ అయ్యాక దగ్గరికొచ్చి చూడండి. ఒక మూల గీత ఇంకా పచ్చగానే ఉంది.