తిరిగి వచ్చినవారిని ఎలా చేర్చుకోవాలి?

(తాగుడు మానడానికి చికిత్స పొందుతున్న రోగుల కుటుంబ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మీతో మూడు సంగతులు మాట్లాడాలనుకుంటున్నాను. అవి ఎదురు తిరగడం, తిరిగి రావడం, గౌరవించడం.

మొదటిది ఎదురు తిరగడం. "నాకేం జబ్బు లేదు, కావాలంటే రేపే మానేస్తాను" అని మీవాళ్ళు అంటారు. అది ఒట్టి పొగరు అనుకోకండి. దాని వెనుక సిగ్గు, భయం ఉంటాయి. ఆ భయంలో నిజం కూడా ఉంది. రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. మొదటి 2 రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. ఇది ప్రాణాపాయం. అందుచేత గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని చూడకండి. ఆసుపత్రికి తీసుకురండి.

తాగుడు మాన్పించే బిళ్ళలను వారికి తెలియకుండా కూరలోనో కాఫీలోనో కలపకండి. డైసల్ఫిరామ్ అనే బిళ్ళ ఒంట్లో ఉండగా సారా తాగితే వాంతులై, బి.పి. పడిపోయి, ప్రాణం కూడా పోవచ్చు. రోగి తెలిసి, ఒప్పుకొని, డాక్టరు చెప్పినట్టు వేసుకోవలసిన బిళ్ళ అది.

రెండవది తిరిగి రావడం. మానినవారిలో చాలామంది మళ్ళీ తాగుతారు. తగ్గిన షుగరు మళ్ళీ పెరిగితే వైద్యం ఆపేస్తామా? ఇదీ అంతే. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుడు బాధితులు కలుసుకున్నారు. వారి స్నేహం నుంచే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. కలిసిన కొద్ది రోజులకే డాక్టర్ బాబ్ ఒక వైద్య సదస్సుకు వెళ్ళి మళ్ళీ తాగారు. బిల్ ఆయనను విడిచిపెట్టలేదు. జూన్ 10న డాక్టర్ బాబ్ ఆఖరుసారి తాగారు. ఆ రోజునే ఆ సంఘం తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది.

మూడవది గౌరవించడం. లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు కూలివానిగా ఉంటే చాలనుకొని ఇంటికి వచ్చాడు. తండ్రి పరుగెత్తి ఎదురువెళ్ళి వస్త్రం, ఉంగరం, చెప్పులు ఇప్పించాడు. కొడుకు స్థానం తిరిగి ఇచ్చాడన్నమాట. మీరూ పిల్లల ముందు, చుట్టాల ముందు వారిని తక్కువ చేసి మాట్లాడకండి. తాగని వేళ నెమ్మదిగా మాట్లాడండి. చెకప్‌కు వారితో కూడా రండి.

అయితే గౌరవించడమంటే తాగడానికి డబ్బులివ్వడం కాదు, దెబ్బలు ఓర్చుకోవడం అంతకన్నా కాదు. కొడితే పిల్లలను తీసుకొని క్షేమమైన చోటికి వెళ్ళండి. స్త్రీలు 181కి ఫోన్ చేయవచ్చు.

ఆ కథలో పెద్దకొడుకు కూడా ఉన్నాడు. ఇన్నాళ్ళు ఇంటి బరువు మోసిన మీకు అతనిలాగే కోపం వస్తే అది తప్పు కాదు. తండ్రి అతని కోసం కూడా బయటికి వచ్చి బతిమాలాడు. మీ బాధ కూడా మాతో చెప్పుకోండి. వ్యసన విముక్తి సలహాకు 14446, మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416 నంబర్లు ఉన్నాయి. ఈ ఫోన్లకు డబ్బు పడదు.

దేవుడు మీ ఇండ్లలో సమాధానము నింపును గాక.