గడియారం కాకినాడది, సూర్యుడు షిల్లాంగుది
(మహాసభల సాహిత్య వేదికపై చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన విషయం "మన దేశం, మన సంస్కృతి". అంత పెద్ద విషయం మీద ఉపన్యాసం చెప్పే పాండిత్యం నాకు లేదు. కానీ మన దేశంలోనే పది రోజుల పాటు పరాయివాడిలా తిరిగొచ్చిన అనుభవం ఒకటుంది. మేఘాలయలో. అది చెబుతాను.

అమెరికా వచ్చేటప్పుడు కల్చర్ షాక్ తగులుతుందని మనందరికీ ముందే తెలుసు. దానికి సిద్ధపడే విమానం ఎక్కాం, ఊరగాయ సీసాలతో సహా. స్వదేశంలో తగిలే షాక్‌కి మాత్రం ఎవరూ సిద్ధంగా ఉండరు.

నాకు మొదటి దెబ్బ సూర్యుడే కొట్టాడు. జూన్ నెల, షిల్లాంగు. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది, అయినా నాలుగున్నరకే తెల్లారిపోయింది. గడియారం ఆగిపోయిందేమోనని రెండుసార్లు చూశాను. దీని వెనకాల మన వాళ్ళ ఊరి సంగతి ఒకటుంది. భారతదేశపు గడియారానికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన కాకినాడకు దగ్గర్లోంచే వెళుతుంది. షిల్లాంగేమో 92వ డిగ్రీకి కాస్త ఇవతల ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడికి 37 నిమిషాలు ముందే వస్తాడు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఆఫీసులూ బళ్ళూ మాత్రం కాకినాడ ఎండను బట్టి తెరుస్తారు. పక్కనున్న అస్సాంలో టీ తోటలవాళ్ళు ఈ బాధ పడలేక గడియారం ఒక గంట ముందుకు జరుపుకుని, దానికి "బాగాన్ టైం" అని పేరు పెట్టుకున్నారు. మనకి న్యూయార్కు నుంచి లాస్ ఏంజెలెస్‌కి మూడు గంటలు తేడా. అక్కడ గుజరాత్ నుంచి అరుణాచల్ దాకా ఒకటే గంట కొడుతుంది.

ఇక రెండో దెబ్బ మా ఆవిడకి తగిలింది, నొప్పి మాత్రం నాకు.

మేము దిగిన గెస్ట్‌హౌస్ యజమానురాలు అరవై దాటిన ఖాసీ మనిషి. ఆ ఇల్లు ఆవిడకు తల్లి నుంచి వచ్చింది. ఖాసీలలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. పిల్లలకు తల్లి వంశం పేరే వస్తుంది. పెద్దల నాటి ఇల్లు ఆఖరి కూతురికి వెళుతుంది. దాంతోపాటే ముసలి తల్లిదండ్రుల్ని చూసుకోవడం, ఇంటి ఆచారాలు నడపడం, తోబుట్టువులకు కష్టమొస్తే ఆదుకోవడం, అన్నీ ఆ అమ్మాయి నెత్తినే. మన వైపు ఇల్లరికపుటల్లుడి మీద ఎన్ని సామెతలు చెప్పుకుని నవ్వుకుంటామో మీకు తెలుసు. అక్కడ ఆఖరి అమ్మాయిని చేసుకున్నవాడికి ఇల్లరికమే మర్యాద.

ఆవిడ మా ఆవిడని అడిగింది: "మీ అమ్మాయికి ఎవరి ఇంటిపేరు?"

"వాళ్ళ నాన్నగారిది."

"మరి మీది ఏమైంది?"

"పెళ్ళితో మారిపోయింది."

ఆవిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుని చూసిన చూపు ఉందే, నా పాతికేళ్ళ కాపురంలో మా ఆవిడ మీద అంత జాలి చూపించినవాళ్ళని నేను చూడలేదు. ఆ రాత్రి మా ఆవిడ పుట్టింటి పేరుతో సంతకం ప్రాక్టీసు చేసింది!

అయితే అక్కడేదో స్త్రీ సామ్రాజ్యం ఉందని కాదు. దొర్బార్ అనే ఊరి సభలో సంప్రదాయంగా మగవాళ్ళదే మాట. ఇంట్లో కూడా తల్లి అన్నదమ్ములను అడగకుండా పెద్ద పనేదీ జరగదు. ఈ మాట వినగానే మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. మేనమామ! బుట్టలో పెళ్ళికూతుర్ని మోసుకొచ్చే మేనమామ మనకి కొత్తా? అదే రాష్ట్రంలో గారో కొండల్లో అయితే, ఆస్తి అందుకునే కూతురికి మేనత్త కొడుకునే తెచ్చి చేయడం ఆనవాయితీ. వాళ్ళదీ మేనరికమే. కాకపోతే మన మేనరికంలో ఆస్తి ఒక దారిన పోతే, వాళ్ళ మేనరికంలో ఇంకో దారిన పోతుంది. వరకట్నం మాత్రం లేదు. ఎన్.టి. రామారావు గారి హయాంలో ఆంధ్రప్రదేశ్ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు నుంచి ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు కల్పించింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం విషయంలో మనం ముందున్నాం. కట్నం విషయంలో ఎక్కడున్నామో ఇక్కడున్న ఆడపిల్లల తండ్రులను అడగాలి.

తిండి సంగతి. జాదొ అని అక్కడ పేరున్న వంటకం, అన్నంలో పందిమాంసం వేసి వండుతారు. మా ఆవిడ శాకాహారి. నాలుగు రోజులు బంగాళాదుంప, పప్పు, అన్నంతో నెట్టుకొచ్చింది. కానీ ఏ ఇంటికి వెళ్ళినా ముందుగా చేతిలో పెట్టేది తమలపాకు, సున్నం, వక్క. దాన్ని క్వాయ్ అంటారు. పచ్చి వక్క, ఆ చలిలో ఒళ్ళంతా ఒక్కసారిగా వేడెక్కుతుంది. వెనకటికి ఎన్ని క్వాయ్‌లు నమిలేంత దూరమో చెప్పి ఊళ్ళ మధ్య దూరం కొలిచేవారట. మనిషి పోతే, దేవుడి ఇంట క్వాయ్ తినడానికి వెళ్ళాడంటారు. తాంబూలం ఇచ్చి సంబంధం ఖాయం చేసుకునే మనకి ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

భాష అసలే తెలియదు. ఇంగ్లీషు లిపిలో రాస్తారు. 1841లో వచ్చిన థామస్ జోన్స్ అనే వేల్స్ దేశపు మిషనరీ పెట్టిన లిపి అది. ఖాసీ మన ద్రావిడ కుటుంబానిది కాదు, హిందీ కుటుంబానిది కూడా కాదు. కంబోడియాలో మాట్లాడే ఖ్మేర్‌కి చుట్టం, ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబం. ఎక్కడి కంబోడియా, ఎక్కడి మనం అనుకుంటున్నారా? మన శ్రీకాకుళం కొండల్లో సవరలు మాట్లాడే భాషదీ అదే కుటుంబం. ఎవరి పుట్టినరోజున, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటామో ఆ గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. అంటే షిల్లాంగు భాషకు చుట్టాలు మన ఇంటి వెనకాల కొండ మీదే ఉన్నారు. పంతులు గారు వందేళ్ళ కిందటే ఆ కొండెక్కి పలకరించి వచ్చారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా గెస్ట్‌హౌస్ ఆవిడ కొడుకు హైదరాబాదులో ఒక హోటల్లో నాలుగేళ్ళు పనిచేసి వచ్చాడు. చక్కగా తెలుగు మాట్లాడతాడు. ఖాసీ కొండల్లో తెలుగు వినేసరికి మాకు ఎంత సంబరమో! హైదరాబాదు ఎలా ఉంది బాబూ అని అడిగాను.

"బాగుంది అంకుల్. తిండి బాగుంది, మనుషులు మంచివాళ్ళు. అద్దెకి ఇల్లు దొరకడమే కష్టం. రోజూ ఎవరో ఒకరు మీది ఏ దేశం అని అడిగేవారు. ఇండియానే అంటే, కాదు, అసలు ఎక్కడ అనేవారు."

"అసలు ఎక్కడ?" ఈ ప్రశ్న మీరెక్కడైనా విన్నారా? ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు బడిలో వింటారు. ముప్పై ఏళ్ళుగా పన్నులు కడుతున్న మనం గ్రోసరీ లైన్లో వింటాం. వినీ వినీ నవ్వేసి ఊరుకుంటాం. కానీ ఆ ప్రశ్న ఎప్పుడూ నవ్వుతోనే ఆగదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో, నా దేశం వదిలి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చిన కాల్పుల్లో మన కూచిభొట్ల శ్రీనివాస్ ప్రాణం పోయింది. అప్పుడు మనమంతా కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డాం. అంతకు మూడేళ్ళ ముందు, 2014 జనవరిలో, ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడు నిడో తానియా జుట్టును కొందరు ఎగతాళి చేశారు. అక్కడ మొదలైన గొడవలో దెబ్బలు తిని అతను చనిపోయాడు. చంపినవాళ్ళదీ చనిపోయినవాడిదీ ఒకటే దేశం, ఒకటే పాస్‌పోర్టు. ఆ పేరు మనలో ఎంతమందికి గుర్తుంది?

మనం పిల్లలకు ఇక్కడ ఇండియన్ కల్చర్ నేర్పిస్తున్నామంటాం. కూచిపూడి, అన్నమయ్య కీర్తన, ఉగాది పచ్చడి. తప్పకుండా నేర్పించండి. అది ఇండియన్ కల్చర్‌లో మన వాటా. మిగతా వాటాదారులు ఎవరో కూడా చెప్పండి. మ్యాపు తీసి, సిలిగురి దగ్గర సన్నగా ఉన్న ఆ మెడ దాటి అవతల ఏముందో చూపించండి. తల్లి ఇంటిపేరుతో బతికే భారతీయులున్నారని, ఆదివారం చర్చికి వెళ్ళే కొండజాతి భారతీయులున్నారని, రబ్బరు మర్రి వేళ్ళను ఏళ్ళ తరబడి అల్లి ఏటి మీద బతికున్న వంతెన కట్టే భారతీయులున్నారని చెప్పండి. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు తిరుపతి, హైదరాబాదు షాపింగు అయ్యాక ఒక్క వారం మిగిలితే అటు వెళ్ళి రండి. వెళ్ళలేకపోతే ఇంకో చిన్న పని. హైదరాబాదులో మీ అపార్టుమెంటు అద్దెకిచ్చేటప్పుడు అటువైపు పిల్లలెవరైనా వచ్చి అడిగితే, "అసలు ఎక్కడ" అనకండి. అడ్వాన్సు ఎంతో చెప్పండి, చాలు.

ఖాసీలో ఖుబ్లేయ్ అంటారు. కృతజ్ఞతలు అనీ అర్థం, దేవుడు చల్లగా చూడాలి అనీ అర్థం. మీ అందరికీ ఖుబ్లేయ్. సెలవు.