పాలకొల్లు: మన పట్టణము, మన పనివారు



మన పట్టణ చరిత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పమని కోరారు. పాలకొల్లు అనగానే ఎవరైనా ముందు గోపురమే చెబుతారు. అది న్యాయమే. కొండ అనేది లేని ఈ పల్లపు సీమలో కొబ్బరి చెట్ల తలల మీదుగా దూరానికి కనిపించేది సుమారు 120 అడుగుల ఆ తొమ్మిది అంతస్తుల గోపురమే గదా! క్షీరారామము పంచారామములలో ఒకటి. బాలుడైన ఉపమన్యుడు వేడుకొనగా ఇక్కడ పాలు పుట్టినవని స్థలపురాణము. ఊరి పేరులోని పాలు కూడ అవేనని పెద్దలు చెబుతారు.

గోపురము తరువాత డచ్చివారిని చెబుతారు. 17వ శతాబ్దములో వారు ఇక్కడ వర్తక స్థానము పెట్టుకున్నారు. వారికి కావలసినది గుడ్డ. ఆ నూలు వడికినవారు, నేసినవారు, అద్దకము వేసినవారు మన ప్రాంతపు వారే. 1824 నాటి ఒడంబడిక ననుసరించి మరుసటి యేడు డచ్చివారు తమ స్థావరములను ఇంగ్లీషువారికి వదలి వెళ్ళారు. నరసాపురం ప్రక్కనున్న మాధవాయపాలెం పేరు తెల్లవారి నోట 'మడపొల్లం' అయి, ఒక రకపు నూలు గుడ్డకు పేరుగా యూరపు అంగళ్ళ దాకా పోయింది. నేసినవాని పేరు మాత్రము వీధి దాటలేదు.

మేము చెప్పదలచినది ఇక్కడే ఉన్నది. మన సంఘములలో ఎక్కువమంది తాత ముత్తాతలు ఇట్టి పేరు లేని పనివారే.

1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు దంపతులతో సహా ఇంగ్లండు నుండి బయలుదేరి వచ్చి, గోదావరి డెల్టా మిషను పనికి పునాది వేశారు. వారు దొరబిడ్డలు కారు, చేతిపని చేసి బ్రతికినవారు. పనివాని మాట వారికి త్వరగా అర్థమగుటలో ఆశ్చర్యము లేదు. అప్పటికి 1833 నాటి కరవు ఇంకా జనుల మనస్సులలో పచ్చిగానే ఉన్నది. తరువాత 1847లో కాటన్ దొర ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించారు. కాటన్ విగ్రహము లేని ఊరు మన డెల్టాలో అరుదు. మంచిదే. అయితే ఆ మట్టి తవ్వినవారు, తట్టలు మోసినవారు ఎవరు? కాలువలో నీరు వచ్చిన తరువాత కూడ అనేక గ్రామములలో మాల మాదిగలకు రేవు వేరు. తాము తవ్విన కాలువ నీరే తమకు దూరము!

ఇక స్త్రీల సంగతి. 19వ శతాబ్దములో మిషనరీల ద్వారా లేసు అల్లిక మన ప్రాంతమునకు వచ్చింది. మొదట నేర్చినవారు బీద క్రైస్తవ స్త్రీలు. క్రమేణా నరసాపురం, పాలకొల్లు చుట్టుపట్ల అన్ని కులముల ఇండ్లలోనూ ఆడవారు నేర్చారు. వంట ముగించి అరుగు మీద కూర్చుని, పిల్లవానిని ఒక కంట కనిపెడుతూ అల్లుటయే. దారము ఏజెంటు ఇచ్చును, అల్లినది ఏజెంటే పట్టుకొని పోవును, అది సముద్రములు దాటి ఎవరి బల్ల మీదనో పరచబడును. అల్లిన చేతికి దక్కినది కూలి డబ్బులే, అవీ కొద్ది. మరియా మీస్ అను జర్మను విదుషి ఈ స్త్రీల మధ్య తిరిగి, 1982లో ఒక పుస్తకము ప్రచురించారు. ఈమె కనుగొన్నది ఒక్కటి మనము గుర్తుంచుకోవాలి: రోజంతా అల్లుచున్నా వీరిని లోకము పనివారుగా లెక్కించలేదు, 'ఇంట్లో ఖాళీగా ఉన్నవారు' అనే అన్నది. మన ఇండ్లలోనూ అట్లే అన్నాము గదా! 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సరుకుకు గుర్తింపు వచ్చింది, సంతోషము. అల్లిన అమ్మల పేర్లు ఎవరి వద్ద ఉన్నవి?

1919లో మునిసిపాలిటీ వచ్చింది, రైలు వచ్చింది, కొబ్బరి వర్తకము పెరిగింది. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు వంటివారు ఈ ఊరి పేరును వెండితెర కెక్కించారు. ఇవి అందరికీ తెలిసినవే గనుక ఆగము.

శతవార్షిక సంచికలలో సాధారణముగా కట్టిన కట్టడముల ఫోటోలు, చందాదారుల పట్టికలు ఉంటాయి. అవి ఉండవలసినవే. వాటితోపాటు పాత బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను విప్పి, అందులో వృత్తి వ్రాసియున్న చోట దానినీ ఎత్తి వ్రాయమని మనవి. లేసు అల్లిన పెద్దమ్మలు, పడవ నడిపిన తాతలు, కాయ ఒలిచిన కూలీలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వారిలో చదువు రానివారు చెప్పగా యౌవనులు వ్రాసుకొనవచ్చును. పేరు, ఊరు అడిగిన తరువాత 'ఏం పని చేసేవారు?' అని కూడ అడగండి. 'ఏమీ లేదమ్మా, ఇంట్లోనే ఉండేదాన్ని' అని ఎవరైనా అంటే, అక్కడ కలము మూయకుండ, లేసు సంగతి అడగండి.